నాలుగో పాఠం దాటని దుబాసీ

మా మండలిలో ఉత్తరాలు రాసేవాణ్ణి నేను. పేరు గొర్లె తవిటినాయుడు. హోదా సీనియర్ అసిస్టెంటు, సర్వీసు ఇరవై ఎనిమిదేళ్లు. మండలి పూర్తి పేరు 'పనస, జీడిమామిడి ఉత్పత్తుల సమగ్ర ప్రోత్సాహక మండలి'. ఉద్దానంలో పండే పనసనీ, జీడినీ ప్రోత్సహించడం మా పని. ప్రోత్సహించడమంటే ఏం చెయ్యాలో నియమావళిలో ఎక్కడా లేదు కాబట్టి ఎవరేం అడిగినా జవాబు రాసేవాళ్లం.

ఆ జవాబుల్లో నాకు మంచి పేరుండేది. ఇన్నేళ్లలో నేను ఎవరికీ లేదని రాయలేదు. ఉందనీ రాయలేదు. "తమరి వినతి క్రియాశీల పరిశీలనలో ఉన్నదని తెలియజేయడమైనది" అన్న వాక్యం నా స్వంతం. అంతకు ముందు వట్టి 'పరిశీలన' మాత్రమే ఉండేది. 'క్రియాశీల' అన్న మాట చేర్చింది నేనే. పక్క జిల్లాల వాళ్లు కూడా అడిగి రాసుకెళ్లారు. పదవీ విరమణ దాకా ఆ ఒక్క వాక్యం మీద బతికెయ్యొచ్చనుకున్నాను.

ఇలా ఉండగా రాజధానిలోని మా ప్రధాన కార్యాలయం నుంచి పెద్దాయన ఒకరు అధ్యయన యాత్ర మీద జపాన్ వెళ్లి ఎనిమిది రోజులుండి వచ్చారు. అక్కడ ఒక దుకాణంలో ఎండబెట్టిన పనస తొనల పాకెట్టు ఆయన కంటపడిందట. అది ఏ దేశం నుంచి వచ్చిందో చూశారో లేదో తెలీదు గానీ, తిరిగొచ్చిన వారానికి సర్క్యులర్ వచ్చింది. జపాన్‌లో పనసకు అపారమైన అవకాశాలు ఉన్నందున, మండలి సిబ్బంది యావన్మందీ, సంచాలకుల నుంచి కాపలాదారు వరకు, ఆన్‌లైన్ వీడియో పాఠాల ద్వారా జపనీస్ భాష అభ్యసించవలెను. ప్రతి ఒక్కరూ మూడు నెలల్లో వంద గంటలు పూర్తి చేయవలెను.

అందులో ఎన్ని పాఠాలు అన్న మాట లేదు. గంటలే ఉన్నాయి. తర్వాత జరిగినదానికంతటికీ అదే మూలం.

పాఠాల కోసం 'భాషావారధి' అని ఒక పోర్టల్ పెట్టారు. అందులో నలభై పాఠాలు, ఒక్కోటీ ముప్ఫై అయిదు నిమిషాలు. ముందుకి జరపడానికి వీల్లేదు. ఏడు నిమిషాలకోసారి తెర మీద 'మీరు ఉన్నారా?' అని ప్రశ్న వస్తుంది, 'ఉన్నాను' అని నొక్కాలి. మధ్యలో నెట్ పోతే ఆ పాఠం మళ్లీ మొదటికొస్తుంది. మూడుసార్లు పోతే మొత్తం కోర్సే మొదటి పాఠానికి వెళ్లిపోతుంది. చూసిన గంటలు మాత్రం ఎక్కడికీ పోవు, జమవుతూనే ఉంటాయి.

మా ఆఫీసులో నెట్ గంటకి రెండుసార్లు పోతుంది. అందుచేత మూడు నెలలు కాదు, ఏడు నెలలు గడిచినా నేను నాలుగో పాఠం దాటలేదు. మొదటి పాఠం మాత్రం రెండొందలసార్లు చూసుంటాను.

మిగతావాళ్లు వీడియో పెట్టేసి టీకి వెళ్లేవాళ్లు. 'ఉన్నాను' నొక్కే పని వంతులవారీగా ఒకరికి అప్పగించుకునేవాళ్లు. నేనొక్కణ్ణే కూర్చుని చూసేవాణ్ణి. కర్తవ్యదీక్ష అనుకునేరు, అదేమీ కాదు. పాఠం చెప్పే ఆవిడ పేరు మికా సెన్సేయ్, సెన్సేయ్ అంటే పంతులమ్మ. పసుపురంగు స్వెట్టరు వేసుకుని, ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఇది పుస్తకం, అది గొడుగు అని చెప్పేది. పాఠం అయిపోగానే తల వంచి, మీరు చాలా బాగా నేర్చుకున్నారు అనేది. బళ్లో ఉన్న పదేళ్లలో నాతో ఆ మాట ఎవరూ అనలేదు. యాభై మూడేళ్ల వయసులో విన్నాను. ఆవిడ ఆ మాట అందరితోనూ అంటుందని తెలుసు. అయినా నాతోనే అంటున్నట్టుండేది.

ఇంటిదగ్గర కూడా ఫోన్‌లో పెట్టుకుని గట్టిగా వల్లించేవాణ్ణి. వతాషి వ తవితినాయుదు దెస్, నేను తవిటినాయుణ్ణి. కొరె వ హొన్ దెస్, ఇది పుస్తకం. ఉందా అంటే అరిమస్ క. ఉంది అంటే అరిమస్. లేదు అంటే అరిమసెన్. అవును అంటే హాయ్. కాదు అంటే ఈయె. క్రియ మనలాగే వాక్యం చివరికే వస్తుంది కాబట్టి పెద్ద కష్టమనిపించలేదు. ఒకరోజు పప్పులోకి మామిడికాయ ఉందా అని అడిగితే, మా ఆవిడ సుగుణ వంటింట్లోంచి 'అరిమసెన్' అని జవాబిచ్చింది. ఒక్క పాఠమూ చూడకుండా, పోపు వేసుకుంటూ నాకు వచ్చినంతా నేర్చేసుకుంది. ఆవిడకి గంటలు మాత్రం ఎవరూ జమ కట్టలేదు.

మా కార్యనిర్వాహక సంచాలకులు వేమూరి హరగోపాల్ గారు కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చారు. ఆయన మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టుంటుంది. కలెక్టరాఫీసు మెట్ల మీద ఒకసారి కాలు జారితే, "పతనం సంభవించినది" అన్నారని చెప్పుకుంటారు. సర్క్యులర్ ఇంత చెబితే ఆయన అంత చేసే మనిషి. ఆయన పాఠాలకి మాత్రం 'ఉన్నాను' అని బంట్రోతు నొక్కేవాడు. భాష వాడితేనే వస్తుంది కాబట్టి, పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆఫీసులో జపనీస్ తప్ప ఇంకో భాష మాట్లాడరాదని ఉత్తర్వు ఇచ్చారు. ప్రజలకు మినహాయింపు ఇవ్వాలా అని నేను నోట్ పెట్టాను. మినహాయింపు ఇస్తే వాతావరణం కలుషితమగును అని రాసి తిప్పి పంపారు.

నాలుగు పాఠాల్లో మాకు వచ్చిన వస్తువులు పుస్తకం, కలం, గొడుగు, బల్ల, కుర్చీ, మరుగుదొడ్డి. మనుషులు విద్యార్థి, ఉపాధ్యాయుడు. ఆ రెండు గంటలూ ఆఫీసులో జరిగే సంభాషణ వీటి చుట్టూనే తిరిగేది. కొన్నాళ్లకి చాలా ప్రశాంతంగా అనిపించసాగింది. ఎవరూ ఎవరితోనూ పని గురించి మాట్లాడే వీలు లేదు కదా.

ఆ వేళల్లోనే ఒకసారి తామాడ నీలమ్మ వచ్చింది.

నీలమ్మది చినగండి. అక్కడ ఇరవై ఇద్దరు ఆడవాళ్లు కలిసి పనస తొనలు ఎండబెట్టి అమ్ముతారు. వాళ్లకి ఎండబెట్టే యంత్రం ఇస్తామని మండలి రెండేళ్ల కిందట మంజూరు పత్రం ఇచ్చింది. వాళ్లు షెడ్డు వేసుకున్నారు, యంత్రం నిలబెట్టడానికి సిమెంటు దిమ్మె కట్టించుకున్నారు. యంత్రం రాలేదు. పనస వచ్చే రోజులూ వానలొచ్చే రోజులూ ఒకటే కావడంతో, కిందటేడు మూడు రోజుల ముసురుకి రెండొందల కాయల తొనలు బూజు పట్టిపోయాయి. ఈ ఏడు కూడా అలాగే అయితే సగంమంది రొయ్యల కంపెనీల్లో పనికి వెళ్లిపోతామంటున్నారని, ఒకసారి వెళ్తే మళ్లీ తిరిగి రారని ఆవిడ ప్రతి అర్జీలోనూ రాయించేది. యంత్రంతో పాటు ఊరికి కళ్లం, బోరుకి మోటారు, లారీ రోడ్డు కూడా వాటిల్లోనే అడిగేది. ప్రతి అర్జీకీ నేను జవాబిచ్చాను. మొత్తం పదకొండు. అన్నిట్లోనూ విషయం క్రియాశీల పరిశీలనలోనే ఉంది.

రెండు బస్సులు మారి పదకొండున్నరకి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఎదురుగా గది గుమ్మంలో హరగోపాల్ గారు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక లేచి నడుం వంచి, వతాషి వ తవితినాయుదు దెస్ అన్నాను.

"మీ పేరు నాకు తెలుసు బాబూ," అంది నీలమ్మ. "రెండేళ్ల బట్టీ మీ సంతకమే సూస్తన్నాం గదా."

యంత్రం సంగతేమైందని అడిగింది. నేను కుర్చీ చూపించి ఇది కుర్చీ అన్నాను, కూర్చోమని చెప్పడం ఇంకా రాలేదు. ఆవిడ కూర్చుంది. మళ్లీ అడిగింది. బల్ల మీద పుస్తకం ఉందన్నాను. ఆవిడ పుస్తకం వైపు చూసి, నా వైపు చూసి, ఇంకేమీ అడగలేదు. ఒంటిగంట దాకా ఆ కుర్చీలోనే కూర్చుంది. ఒంటిగంటకి తెలుగు వచ్చింది గానీ, అది భోజనాల వేళ. రెండింటికి ఆవిడకి పన్నెండో ఉత్తరం ఇచ్చాను. చదివించుకోకుండానే మడిచి, మిగతా పదకొండూ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, బస్సు వేళైందని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నాకు కొంచెం సిగ్గేసింది. ఇంటికెళ్లి ఫోన్ తెరిచాను. మికా సెన్సేయ్ నేను చాలా బాగా నేర్చుకున్నానంది. సిగ్గు పోయింది.

ఆ నెలాఖరుకి డ్యాష్‌బోర్డులో రాష్ట్రం మొత్తం మీద మొదటి పేరు నాది. మూడు వందల పన్నెండు గంటలు. రెండో స్థానంలో ఉన్నవాడికి నూట నలభై. నాకు శాలువా కప్పారు. జిల్లా పేపర్లో ఫోటో పడింది, కింద 'జపనీస్‌లో దిట్ట' అని రాశారు. నేను నాలుగు ప్రతులు కొన్నాను. ఆ ఫోటో చూసినప్పుడల్లా నిజంగానే నాకు ఏదో వచ్చేమోననిపించేది.

అదే ఊపులో ప్రధాన కార్యాలయం నుంచి రెండు ముక్కల కబురొచ్చింది. జపాన్‌కి చెందిన ఆహార కంపెనీ నుంచి ఇద్దరు ప్రతినిధులు ఉద్దానం పనసను చూడడానికి వారం రోజుల్లో వస్తున్నారన్నది మొదటి ముక్క. దుబాసీని వెంట తెచ్చుకోనక్కర్లేదనీ, మా దగ్గర మూడు వందల గంటల నిపుణుడు ఉన్నాడనీ వాళ్లకి రాసేశామన్నది రెండోది. అడుగున ఒక గమనిక కూడా ఉంది: పర్యటనలో ఇంగ్లీషు వాడరాదు, వాడినచో శిక్షణ వైఫల్యంగా పరిగణించబడును.

ఆ కాగితం పట్టుకుని హరగోపాల్ గారి గదిలోకి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాకు నాలుగు పాఠాలే వచ్చనీ, అందులోనూ గట్టిగా వచ్చింది మొదటిదేననీ, ఈ గంటలన్నీ నెట్ పోయిన గంటలనీ చెప్పాను. నా సర్వీసులో అంత సూటిగా మాట్లాడడం అదే మొదలు.

ఆయన ప్రశాంతంగా విన్నారు.

"నాయుడు గారూ, డ్యాష్‌బోర్డు అబద్ధం చెప్పదు," అన్నారు. "మీరు ప్రదర్శిస్తున్నది వినయం. వినయం కూడా జపనీయుల లక్షణమే. తత్ఫలితంగా మీరు ఆ భాషను ఏ స్థాయిలో ఆకళింపు చేసుకున్నారో రుజువగుచున్నది."

ఆ వారం రోజులూ అయిదో పాఠం చూద్దామని రాత్రీ పగలూ ప్రయత్నించాను. వర్షాలు మొదలై నెట్ అసలే లేదు. సుగుణ ఊరుకుని ఉండలేక, వాళ్లు ఏమడిగినా నవ్వమని సలహా ఇచ్చింది.

ప్రతినిధులు బుధవారం వచ్చారు. పెద్దాయన పేరు మొరిత, అరవై దాటిన ఇంజనీరు, సన్నగా, పొట్టిగా, భుజానికి గుడ్డసంచితో ఉన్నారు. వెంట ఓకుబో అనే ముప్ఫై ఏళ్ల ఆవిడ, చేతిలో నోటుపుస్తకం. నేను వంగి, హజిమెమష్తె అని పలకరించి, వతాషి వ తవితినాయుదు దెస్ అన్నాను. మొరిత గారి మొహం విచ్చుకుంది. సంతోషంతో గలగలా మాట్లాడేశారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను నవ్వాను. ఆయన ఇంకా ఏదో అడిగారు. హాయ్ అన్నాను. ఇంకేదో అడిగారు. మళ్లీ హాయ్ అన్నాను. ఆయన కాసేపు నన్ను పరిశీలనగా చూసి, మా మనవడితో మేం మాట్లాడినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి నెమ్మదిగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ క్షణంలోనే నా స్థాయి ఆయనకి తెలిసిపోయింది. ఆయన దాన్ని పైకి అనలేదు. ఆ మర్యాదకి ఇప్పటికీ ఆయనకి రుణపడి ఉన్నాను.

కార్యక్రమం ప్రకారం అందరం చినగండి వెళ్లాం. మా వార్షిక నివేదికలో అక్కడ 'ఆదర్శ పనస శుష్కీకరణ కేంద్రం' ఉంది. చినగండిలో మాత్రం నాలుగు స్తంభాల మీద రేకుల షెడ్డు, మధ్యలో సిమెంటు దిమ్మె, దిమ్మెలో నిలబడి ఉన్న నాలుగు బోల్టులు, వాటి మధ్య వెచ్చగా సర్దుకుని పొదుగుతున్న ఒక కోడి ఉన్నాయి. షెడ్డు బయట నీలమ్మా, మిగతా ఆడవాళ్లూ నిలబడ్డారు. వాన ఆగింది కాబట్టి తొనలు టార్పాలిన్ల మీద పరిచి ఉన్నాయి.

మొరిత గారు సంచిలోంచి ఒక కాగితం తీశారు. ఎండబెట్టే యంత్రం బొమ్మ. దాని మీద వేలు పెట్టి, దిమ్మెవైపు చూపించి, ఎంతో నెమ్మదిగా అడిగారు: కొరె వ అరిమస్ క.

ఇది ఉందా అని. మొదటి పాఠం పద్నాలుగో నిమిషం. నేను కలలో కూడా గుర్తుపట్టగలను.

అడిగింది ఏమిటో హరగోపాల్ గారికి చెప్పాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"సదరు యంత్రము మంజూరు దశను విజయవంతంగా అధిగమించి, సేకరణ ప్రక్రియ యొక్క తుది అంకంలో, ఉన్నతస్థాయి కమిటీ వారి క్రియాశీల పరిశీలనలో ఉన్నదని, త్వరితగతిన సాకారం కాగలదని విశ్వసించడానికి బలమైన కారణాలు కలవని మనవి చేయండి."

మొరిత గారు నావైపు తిరిగారు. ఓకుబో గారు కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నా తలలో ఉన్న జపనీస్ మొత్తం వెతికాను. క్రియాశీలకి మాట లేదు. పరిశీలనకి లేదు. తుది అంకానికి లేదు. ఉన్నవి రెండే, ఒకటి అరిమస్, ఒకటి అరిమసెన్. దిమ్మెవైపు చూశాను. కోడి నన్ను చూసింది.

అరిమసెన్ అన్నాను.

ఓకుబో గారు రాసుకున్నారు. మొరిత గారు తల పంకించారు. హరగోపాల్ గారు ముగ్ధులైపోయారు. తాను అంత చెబితే ఒక్క మాటలో ఇమిడిపోయిందని, ఎంత క్లుప్తమైన భాషండీ అని అన్నారు.

ఇంకో కాగితం వచ్చింది, శీతల గిడ్డంగి బొమ్మ. అది ఉందా అని అడిగారు. హరగోపాల్ గారు దాని స్థలసేకరణ గురించీ, నమూనా ఖరారు గురించీ మూడు నిమిషాలు సెలవిచ్చారు. అరిమసెన్ అన్నాను. మిగతావి నోటుపుస్తకంలో బొమ్మలు గీసి అడిగారు. లారీ వచ్చే రోడ్డు ఉందా అన్నారు. దాని అంచనాలు సవరణలో ఉన్నాయట. అరిమసెన్. మండలి గోదాము ఎక్కడుంది అన్నారు. దాని గురించి హరగోపాల్ గారు చెప్పింది తెలుగులోనే నాకు అర్థం కాలేదు. వకరిమసెన్ అన్నాను, తెలియదని. యంత్రం ఎప్పుడొస్తుంది అన్నారు. అది కూడా వకరిమసెన్. మండలి వాళ్లు ఈ ఊరికి తరచుగా వస్తారా అని చేతులు ఊపి, కాలెండరు చూపించి అడిగారు. నిరంతర క్షేత్రస్థాయి పర్యవేక్షణ అన్నారు హరగోపాల్ గారు. ఈయె అన్నాను.

షెడ్డు బయట ఆడవాళ్లలో చిన్న కదలిక వచ్చింది. నీలమ్మ రెండడుగులు ముందుకేసింది.

"ఈయె అంతే ఏటి బాబూ, ఇయ్యరనేనా?"

హరగోపాల్ గారు జపనీస్ వేళలో అంతరాయం కలిగించరాదన్నట్టు చెయ్యి ఎత్తారు. నేను నీలమ్మ వైపు చూడలేకపోయాను. ఆవిడ మాత్రం నా మొహం చూసి జవాబు తెలుసుకుంది. ఏడు నెలలు, మూడు వందల పన్నెండు గంటలు కూర్చుని నేను నేర్చుకున్న భాష ఆవిడకి నిలబడ్డ చోటే అర్థమైపోయింది.

మొరిత గారు టార్పాలిన్ దగ్గరికి వెళ్లి, గొంతుక్కూర్చుని, ఒక తొన తీసుకుని వాసన చూసి నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నమిలారు. నీలమ్మని చూపించి, ఈవిడ చేసిందా అన్నట్టు కనుబొమ్మలెత్తారు. హాయ్ అన్నాను. ఆ రోజు నేను నిశ్చింతగా అన్న హాయ్ అదొక్కటే. ఆయన లేచి నీలమ్మకి నడుం వంచి దండం పెట్టారు. ఆవిడ కంగారుపడి కొంగు సర్దుకుని తిరిగి దండం పెట్టింది.

వెళ్లేటప్పుడు హరగోపాల్ గారు నా భుజం తట్టారు. పర్యటన ఆశాజనకంగా పరిసమాప్తమైనది అన్నారు.

రెండు వారాలకి కంపెనీ నివేదిక వచ్చింది. ప్రధాన కార్యాలయంలో దాన్ని ఇంగ్లీషులోకీ, తర్వాత తెలుగులోకీ చేయించారు. ఒక పేజీ కూడా లేదు. యంత్రం లేదు. గిడ్డంగి లేదు. రోడ్డు లేదు. గోదాము ఎక్కడుందో మండలికి తెలియదు. యంత్రం ఎప్పుడొస్తుందో మండలికి తెలియదు. మండలి వాళ్లు ఈ ఊరికి రారు. పనస చాలా బాగుంది. మేము ఎన్నో దేశాల్లో ఎన్నో ప్రభుత్వ సంస్థలతో మాట్లాడాము, ఇంత నిజాయితీగా జవాబిచ్చిన సంస్థను చూడలేదు, కృతజ్ఞతలు. మూడు నెలల్లో మళ్లీ వస్తాము, అప్పటికి యంత్రం ఉంటే కొనుగోలు గురించి మాట్లాడదాము.

ఆ రోజు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి నాకు మెమో వచ్చింది. 'క్రియాశీల పరిశీలనలో ఉన్నది' అన్న అధికారిక వాక్యమును 'లేదు' అని అనువదించి మండలి ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలుపవలెను.

సంజాయిషీలు రాయడం నాకు కొత్త కాదు, ఆఫీసులో అందరివీ నేనే రాసిపెట్టేవాణ్ణి. మూడు పేజీలకి తగ్గేవి కావు. కాగితం తీసి, 'పై విషయమునకు సంబంధించి సవినయముగా' అని మొదలుపెట్టి ఆగిపోయాను. చాలాసేపు చూసి ఆ ముక్క కొట్టేసి, "నాకు వచ్చింది అంతే. యంత్రం కూడా లేదు," అని రాసి సంతకం పెట్టాను.

నా మీద చర్య తీసుకోలేదు. తీసుకోవడం వాళ్ల వల్ల కాలేదు. నాకు జపనీస్ రాదంటే రాష్ట్రంలో మొదటివాడికే రానట్టు. మొదటివాడికే రాకపోతే శిక్షణ విఫలమైనట్టు. శిక్షణ విఫలమైతే జపాన్ వెళ్లొచ్చిన మా పెద్దాయన విఫలమైనట్టు. అందుకని బాగా ఆలోచించి తప్పు జపనీస్ భాషదని తేల్చారు. "సదరు భాషలో 'పరిశీలన', 'ప్రక్రియ', 'త్వరితగతి' మొదలగు పదములకు సమానార్థకములు లేనట్లు అనుభవపూర్వకముగా తెలియవచ్చినందున, ఆ భాష పరిపాలనా వ్యవహారములకు అనర్హమని నిర్ణయించి, పాఠములు తక్షణమే నిలిపివేయడమైనది" అని కొత్త సర్క్యులర్ వచ్చింది. భాషావారధి మూసేశారు. మికా సెన్సేయ్‌కి వీడ్కోలు చెప్పే అవకాశం కూడా రాలేదు.

యంత్రం మాత్రం తొమ్మిది రోజుల్లో వచ్చింది. రెండేళ్లు సేకరణ ప్రక్రియలో ఉన్న యంత్రం, పరాయి దేశం వాళ్లు లేదని రాసుకుని వెళ్లేసరికి, లారీ ఎక్కి వచ్చి దిమ్మె మీద కూర్చుంది. కోడిని పక్కకి మార్చారు.

మొదటిసారి యంత్రం వేసే రోజు నన్ను రమ్మని నీలమ్మ కబురు పంపింది. మండలి తరఫున కాదు, వట్టినే రమ్మంది. వెళ్లాను. బయట వాన పడుతోంది, లోపల తొనలు ఎండుతున్నాయి. ఆడవాళ్లు యంత్రం తలుపు తీస్తూ మూస్తూ ఉన్నారు. నాకు టీ ఇచ్చారు. మీరు అడగబట్టే వచ్చింది, నాదేమీ లేదు అని మర్యాదకి అన్నాను. నీలమ్మ ఒప్పుకుంది, నాదేమీ లేదన్న సంగతి.

తర్వాత ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది.

"బాబూ, ఆ దొరకి ఒక్క మాట్లో సెప్పేసినారు, నేదని. అదే మాట మాకు తెలుగులో సెప్పడానికి ఏటొచ్చింది మీకు?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"నేదంతే మా ఏడుపు మేం ఏడుద్దుం, మరో దారి సూసుకుందుం," అంది. "ఉందనీ నేదనీ అనకుండా రెండేళ్లు కూకోబెట్టినారు. కిందటేడు మేమే టౌన్లో అద్దెకి తెచ్చుకుందుం మిసనీ. మీ ఉత్తరం వొచ్చిందని ఆగిపోనాం."

పన్నెండు ఉత్తరాలు రాశాను గానీ, అవి చదివి మనుషులు ఆగిపోతారని నాకెప్పుడూ తోచలేదు. జవాబు అందితే వాళ్లకి ధైర్యంగా ఉంటుందనే అనుకునేవాణ్ణి. 'క్రియాశీల' అన్న మాట అందుకే చేర్చాను.

మిగతా అర్జీల సంగతి చెప్పమంది. కవరులోంచి నా ఉత్తరాలు ఒక్కొక్కటే తీసింది. తొనలు ఆరబెట్టుకునే సిమెంటు కళ్లం సంగతేమిటని అడిగింది. ఆ ఫైలు నాకు తెలుసు, నిరుడే మూసేశారు. నోటిదాకా వచ్చిన వాక్యాన్ని మింగి, లేదన్నాను. బోరుకి మోటారు? లేదు. లారీ రోడ్డు? అదీ లేదమ్మా, నేను రిటైరయ్యే లోపల రాదు. ఆడవాళ్లు ఏడుస్తారనో, తిడతారనో ఎదురుచూశాను. అలాంటిదేమీ జరగలేదు. ఒకావిడ, కళ్లం మనమే ఏసుకుందుమా అంది. ఇంకొకావిడ వాళ్లన్న దగ్గర ఇసక ఉందంది. సిమెంటు ఎన్ని బస్తాలవుతుందో మాట్లాడుకున్నారు. పావుగంటలో గురువారం పని మొదలుపెట్టాలని తేలిపోయింది. చదువుకున్నవాడివి, కొలతలు వేస్తావు గదా, రమ్మన్నారు. వస్తానన్నాను.

బుధవారం సెలవు చీటీ రాశాను. కారణం అన్న చోట కాసేపు ఆలోచించి 'పని ఉంది' అని రాశాను. హరగోపాల్ గారు పిలిపించి, ఆ పని యొక్క స్వభావమేమిటని అడిగారు. చినగండిలో కళ్లం వేస్తున్నారు, వెళ్లాలన్నాను. అది మండలి పరిధిలోని విషయమే కదా, దానికి సెలవెందుకన్నారు.

"ఆఫీసులో ఉంటే అవదు సార్," అన్నాను.

ఆయన చీటీ మరోసారి చదివారు. సంతకం పెట్టారు.

గురువారం ఏడింటికల్లా చినగండిలో ఉన్నాను. టేపు తీసి కొలతలు వేశాను. మొదటిసారి తప్పాయి, రెండోసారి సరిపోయాయి. తర్వాత ఉత్సాహం కొద్దీ పార అందుకున్నాను. నాకు పార పట్టుకోవడం రాదన్న సంగతి పది నిమిషాల్లో ఊరందరికీ తెలిసింది. నీలమ్మ వచ్చి నా చేతిలోంచి పార తీసుకుని, తాడు కొస ఒకటి నా చేతికిచ్చి, రెండో కొస అటు చివర మేకుకి కట్టి, కదలకుండా పట్టుకోమంది. మధ్యాహ్నం భోజనాలకి పిలిచేదాకా పట్టుకుని నిలబడ్డాను.